విజయపురి ఇక్ష్వాకుల పతనము: మతమా, రాజకీయమా?

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు సముద్రతీరపు దారిలో తొట్లకొండ, బావికొండ కలవు. ఒకప్పుడు బౌద్ధభిక్షువులు వసించిన విహారములకు నేడక్కడ పునాదులు మాత్రమే మిగిలినవి. వానిని పాడుచేసిన దెవరని అడిగినచో, ఒక మతమువారు మరియొక మతమువారిని తరిమివేసిరను సమాధానము తరచుగా వినవచ్చును. బౌద్ధము నాదరించిన రాజవంశములు సయితము ఆ మతవైరముచేతనే కూలినవని కొందరి తలంపు. ఇది యెంతవరకు నిజమో తేల్చుకొనుటకు, శాసనములు సమృద్ధిగా లభించిన విజయపురి ఇక్ష్వాకుల చరిత్ర తగిన ఆధారము.

క్రీ. శ. 3వ శతాబ్ది తొలిభాగమున శాతవాహన సామ్రాజ్యము విచ్ఛిన్నము కాగా, వారి సామంతులైన ఇక్ష్వాకులు కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో స్వతంత్రులైరి. తొలిరాజగు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసిన వైదికుడు; మహాసేనుని, అనగా కుమారస్వామిని, కొలిచినవాడు. ఆయన తోబుట్టువగు శాంతిశ్రీ బుద్ధుని మహాచైత్యమునకు మహాదాత్రి. ఆయన కుమారుడు వీరపురుషదత్తుని కాలమున ఆ పుణ్యకార్యము నెరవేరినది. మనుమడు ఎహువుల శాంతమూలుని కాలమున తల్లి భట్టిదేవి విహారము కట్టింపగా, సేనాని ఏలిశ్రీ సర్వదేవాలయమును కట్టించెను. ఒకే ఇంట యాగశాలయు, చైత్యమును వర్ధిల్లినవి. ఇట్టి ఇంటిని మతకలహము కూల్చినదనుటకు శాసనములలో ఆధారము కానరాదు.

శంకరాచార్యులవారి వలన నాగార్జునకొండ పాడైనదని యొక వాడుక కలదు. శంకరులను చరిత్రకారులు సాధారణముగా 8వ శతాబ్ది ప్రాంతమువారిగా నెంతురు. ఇక్ష్వాకుల రాజ్యము 4వ శతాబ్ది తొలినాళ్లకే ముగిసినది. ఈ రెంటి నడుమ నాలుగు వందల యేండ్ల ఎడమున్నది. ఆ రాజ్యపతనమునకు ఆయన కారణ మెట్లగును?

అసలు కారణములు రాజ్యపు సరిహద్దులలో కానవచ్చును. ఆభీర వసుషేణుని శాసన మొకటి నాగార్జునకొండయందే దొరకుటవలన పశ్చిమదేశపు రాజుల కన్ను విజయపురిపై పడినట్లు తెలియుచున్నది. దక్షిణమునుండి పల్లవులు పైకొనిరి. పల్నాటి మంచికల్లులో సింహవర్మ శాసనము వెలసినది. కంచినుండి యువమహారాజు శివస్కందవర్మ ధాన్యకటకమందలి అధికారికి ఆజ్ఞ పంపి, ఒక గ్రామమును బ్రాహ్మణులకు దానమిచ్చినట్లు మైదవోలు తామ్రశాసనము తెలుపుచున్నది. కృష్ణాతీరపు భూమిపై ఆజ్ఞ కంచినుండి వచ్చినదనగా, విజయపురి ప్రభుత్వ మంతరించినట్లే గదా!

మతమునకు ఇందు పాత్రయే లేదనరాదు. విహారములు రాజకాంతల దానములపైనను, వర్తకుల సిరులపైనను నిలిచినవి. తొట్లకొండలో శాతవాహనుల నాణెములతోపాటు రోమను వెండి నాణెములును దొరకినవి. రోమను సామ్రాజ్యము 3వ శతాబ్దిలో సంక్షోభమున పడగా, సముద్రవర్తకము సన్నగిల్లినది. క్రొత్త ప్రభువుల దానములు అగ్రహారములవైపు మరలినవి. కావున మతము క్షీణించుటచే రాజ్యము పడలేదు. రాజ్యమును, వర్తకమును క్షీణించుటచే విహారమునకు పోషణ కరవైనది.

అయినను బౌద్ధము ఒక్కనాట నశింపలేదు. అనకాపల్లి చెంతనున్న శంకరముకొండపై 1906-08 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో సముద్రగుప్తుని బంగారు నాణెమును, చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణెములును లభించినవి. ఇక్ష్వాకులు పోయిన మూడువందల యేండ్లకును అచ్చట జనసంచారమున్నదని ఇవి చాటుచున్నవి. అమరావతిలో 1182లో కోట కేతరాజు శివునితోపాటు బుద్ధునికిని దానములు చేసెను.

శిథిలములను చూచి పూర్వులలో ఒక వర్గముపై నింద మోపుట సులభము. శాసనమును చదివి నిజము నెరుగుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చినప్పుడే పాతరాళ్లు క్రొత్త పగలకు కారణములు కాక, మనకు బుద్ధి చెప్పు పెద్దలగును. గ్రామమున గ్రంథాలయము వెలయుట అందుకొరకే.