గండి పడక మునుపే

నల్లగొండ, పాలమూరు జిల్లాలకు కరెంటు అందించే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటు 2019 మే తొలి దినాలలో రాన్సమ్‌వేర్ దాడికి గురై మూతబడింది. అందులో బిల్లు కట్టే దారి లేకపోయింది.

"మాది లినక్సు సర్వరు, మాకేమి భయం?" అనే మిత్రులకు నేను 2002 నాటి ముచ్చట చెబుతుంటాను. ఆ జూలై 30న ఓపెన్‌ఎస్సెసెల్ లోపానికి మరమ్మతు విడుదలైంది. అయినా సెప్టెంబరు నడుమ ‘స్లాపర్’ పురుగు అదే లోపం గుండా అపాచీ సర్వర్లలో దూరింది. తన సోర్సుకోడు వెంట తెచ్చుకొని, అక్కడి జీసీసీ కంపైలరుతోనే ప్రాణం పోసుకొంది! మందు వచ్చి ఆరు వారాలైనా వాడనివారే దానికి చిక్కారు.

మా మెట్టసీమలో చెరువుకట్టను వానలకు ముందే చూసుకోవాలి. సర్వరుకూ అంతే: మరమ్మతులు వెంటనే వేయాలి, అక్కరలేని కంపైలరు తీసివేయాలి, నకలు వేరొకచోట దాచాలి. గండి పడ్డాక మట్టి మోసి ప్రయోజనమేమి?