నల్లకోటు లేని గొంతు

2027 జూన్ 18కి ఆ విచారణ మొదలై 150 ఏళ్లు నిండుతాయి. లండన్‌లో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ఎదుట 29 ఏళ్ల యువతి లేచి నిలబడి, తన కేసు తానే వాదించుకుంది. ఆమె అనీ బిసెంట్. హోమ్‌రూల్ ఉద్యమం వల్ల, మదనపల్లె కళాశాల వల్ల తెలుగువాళ్లకు ఇంటి మనిషంత దగ్గరైన పేరు. ఆనాడు ఇంగ్లండులో ఆడవాళ్లు వకీళ్లు కావడానికి వీల్లేదు. 1919 చట్టం వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. ఒకరి తరఫున వాదించే అర్హత లేని స్త్రీకి, కోర్టులో తన గొంతు వినిపించాలంటే తానే ముద్దాయిగానో కక్షిదారుగానో నిలబడాలి.

ఆ దారి పాతదే. ఏథెన్స్‌లో ఎవరి మాట వారే చెప్పుకోవాలి. క్రీ.పూ. 399లో సోక్రటీస్ చెప్పుకున్నాడు, ఓడిపోయాడు. ఆ తర్వాత రెండు వేల ఏళ్లు దాటేస్తే, కరపత్రాలు రాసి రాజద్రోహ నేరం మోసిన జాన్ లిల్బర్న్ 1649లో లండన్ జ్యూరీ ముందు తానే వాదించుకుని బయటపడ్డాడు. 1817 డిసెంబరులో విలియం హోన్ అనే పేద పుస్తకాల వ్యాపారి వరసగా మూడు రోజులు మూడు కేసులు వాదించుకుని, మూడింటా నిర్దోషిగా ఇల్లు చేరాడు.

బిసెంట్ కేసుకు మూలం ఒక చిన్న పుస్తకం. చార్లెస్ నోల్టన్ అనే అమెరికా వైద్యుడు సంతాన నియంత్రణ గురించి 1832లో అచ్చువేసినది. బ్రిస్టల్‌లో దాన్ని అమ్మిన వ్యాపారికి శిక్ష పడింది. లండన్ ప్రచురణకర్త భయపడి నేరం ఒప్పుకున్నాడు. అప్పుడు బిసెంట్, ఆమె సహచరుడు చార్లెస్ బ్రాడ్‌లా కలిసి సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టి, అదే పుస్తకాన్ని మళ్లీ అచ్చువేశారు. ఎప్పుడు, ఎక్కడ అమ్ముతామో పోలీసులకు ముందే కబురు పెట్టారు. 1877 మార్చి 24న కొట్టు తెరిచిన ఇరవై నిమిషాల్లో ఐదు వందల ప్రతులు చెల్లిపోయాయి. వెల ఆరు పెన్నీలు. కూలివాడు కూడా కొనగల వెల. అధికారులకు గుచ్చుకున్నదీ అదే.

విచారణ నాలుగు రోజులు సాగింది. బ్రాడ్‌లాకు న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేసిన అనుభవం ఉంది. బిసెంట్‌కు అదీ లేదు. అయినా ఆమె గంటల తరబడి మాట్లాడింది, అదీ పేద తల్లుల గురించి, వరస కాన్పులతో నలిగిపోయే ఒళ్ల గురించి, తిండి చాలక పోయే పసివాళ్ల గురించి. మర్యాదస్తులు నలుగురిలో పలకని మాటలను ఒక స్త్రీ నిండు కోర్టులో తల ఎత్తుకుని పలికింది. ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివినా ఆమె గుండె నిబ్బరానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జ్యూరీ వింత తీర్పు చెప్పింది. పుస్తకం నీతిని చెరిచేదే, ప్రచురించినవారికి మాత్రం దురుద్దేశం లేదు, అని. ఆరు నెలల జైలు, చెరి రెండు వందల పౌన్ల జరిమానా పడ్డాయి. అప్పీలు తేలేదాకా శిక్ష ఆగింది.

1878 ఫిబ్రవరిలో అప్పీలు న్యాయమూర్తులు బ్రామ్‌వెల్, బ్రెట్, కాటన్‌ల ముందుకు వచ్చింది. బ్రాడ్‌లా మొదటినుంచీ పట్టుకున్న పాయింటు ఒకటే: అభియోగపత్రంలో పుస్తకం పేరుంది గాని, అందులో ఏ మాటలు అసభ్యమో రాయలేదు. మాటలే నేరమైనప్పుడు ఆ మాటలు చూపించకుండా నేరం మోపడం చెల్లదని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. శిక్ష రద్దయింది. దీన్ని సాంకేతిక విజయమని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది న్యాయం కాదు. ఏ మాటకు శిక్ష వేస్తున్నారో ఆ మాట చూపించమని అడగడం కంటే పెద్ద వాదం వాక్ స్వాతంత్ర్యానికి ఏముంటుంది!

గెలిచినా మూల్యం తప్పలేదు. ఆ ఏడాదే కూతురు మేబెల్‌ను కోర్టు తల్లి నుంచి వేరు చేసింది. అక్కడా ఆమే వాదించుకుంది. ఒక స్త్రీ స్వయంగా వాదించడమేమిటని న్యాయమూర్తి జెస్సెల్ విస్తుపోయాడు.

తర్వాత భారతదేశం వచ్చాక మద్రాసు హైకోర్టుకూ ఆ గొంతు పరిచయమైంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంరక్షణ కోసం తండ్రి నారాయణయ్య ఆమెపై వేసిన దావాలో ఆమె తానే వాదించింది. అవతలి వకీలు సి.పి.రామస్వామి అయ్యర్ తర్వాత హోమ్‌రూల్‌లో ఆమెకు కుడిభుజమయ్యారు. 1916లో ఆమె పత్రిక ‘న్యూ ఇండియా’ కట్టిన రెండు వేల రూపాయల ధరావతును 1910 ప్రెస్ చట్టం కింద ప్రభుత్వం జప్తు చేసింది. రాతల్లో దోషం లేదని నిరూపించుకునే భారం పత్రికదే. అబ్దుర్ రహీమ్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ముందు బిసెంట్ మళ్లీ తానే నిలబడి వాదించింది, ఓడింది. 1919లో ప్రీవీ కౌన్సిల్‌లోనూ ఓటమే.

ఇక మన కాలానికి వస్తే కథ ఇంత సాఫీగా సాగదు. మెక్‌డొనాల్డ్స్‌ను విమర్శించే కరపత్రం పంచినందుకు లండన్‌లో హెలెన్ స్టీల్, డేవ్ మోరిస్ పరువునష్టం దావా ఎదుర్కొన్నారు. ఇద్దరివీ చాలీచాలని బతుకులు. పరువునష్టం కేసులకు అప్పట్లో ప్రభుత్వ న్యాయ సహాయం ఉండేది కాదు. కీర్ స్టార్మర్ అనే యువ న్యాయవాది ఉచితంగా సలహాలిచ్చేవాడు, కోర్టులో నోరు విప్పాల్సింది మాత్రం వాళ్లే. విచారణ 313 రోజులు నడిచింది. అప్పీలు కూడా వాళ్లే వాదించుకుని, 1999లో తమపై పడిన పరిహారాన్ని అరవై వేల పౌన్ల నుంచి నలభై వేలకు తగ్గించుకున్నారు. 2005 ఫిబ్రవరి 15న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, అంత పెద్ద కంపెనీ ముందు వాళ్లను వకీలు లేకుండా నిలబెట్టడమే అన్యాయమని, అందువల్ల వాళ్ల భావప్రకటన హక్కుకూ భంగం కలిగిందని తీర్పు చెప్పింది. అక్కడ వాళ్ల తరఫున వాదించింది న్యాయవాదులే. వారిలో స్టార్మర్ ఒకరు.