బొమ్మ వెనక ఇల్లాలు

కథ దొంగిలిస్తే దొంగ అంటాం. పాట ఎత్తుకొస్తే "ఫలానా పాటకి ఇది కాపీ" అని ఇట్టే పట్టేస్తాం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకా పట్టింపు లేదు. ఫోనులో ముచ్చటైన ముగ్గో, రాధాకృష్ణుల బొమ్మో కనబడితే చాలు, పదిమందికీ పంపించేస్తాం. గీసిందెవరో అడగం.

ఆమధ్య మా కాలనీలో ఒకావిడ పచ్చళ్ల వ్యాపారం పెట్టింది. ఇంటర్‌నెట్‌లో కనబడిన మామిడికాయల బొమ్మ బాగుందని తన ప్రకటనలకి వాడుకుంది. కొన్నాళ్లకి ఆ బొమ్మ గీసినమ్మాయి నుంచి ఉత్తరం వచ్చింది. "నా అనుమతి లేకుండా వాడారు, తీసెయ్యండి, వాడుకున్నదానికి పైకం ఇవ్వండి" అని. ఆవిడ ముందు కోప్పడినా, తర్వాత బొమ్మ తీసేసి, ఆ అమ్మాయితో మాట్లాడి, ఒప్పుకున్న డబ్బు పంపించింది. కానీ ఒక మాట మాత్రం అననే అంది. "బొమ్మకి కూడా హక్కేమిటండీ, చోద్యం కాకపోతే!"

చోద్యమేమీ కాదు. ఆ హక్కుకి దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఇద్దరు ఇల్లాళ్ల కథ కూడా ఉంది.

ఆ కథ లండన్‌లో మొదలవుతుంది. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు 1729లో జేన్ అనే అమ్మాయిని పెద్దవాళ్లకి చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ తండ్రి సర్ జేమ్స్ థార్న్‌హిల్ ఆ రోజుల్లో పేరు మోసిన చిత్రకారుడు. మామగారికి సహజంగానే కోపం వచ్చింది. కొన్నాళ్లకి అల్లుడు వేసిన బొమ్మల్ని ఆయన కంటబడేలా పెట్టారట. చూసి, "ఇలా వెయ్యగలిగినవాడు కట్నం లేకుండానే పెళ్లాన్ని పోషించగలడులే" అన్నాడని చెబుతారు. నిజమో కాదోగానీ, మామగార్లు అందరూ అలా అంటే ఎంత బాగుండును!

పల్లెటూరి నుంచి లండన్ వచ్చిన ఒక అమాయకపు పిల్ల మోసపోయి ఎలా నాశనమైపోయిందో ఆరు బొమ్మల్లో చెప్పాడు హోగార్త్. రాగి రేకుల మీద చెక్కి, అచ్చులు తీసి, 1732లో సెట్టు ఒక గినీకి అమ్మాడు. జనం ఎగబడి కొన్నారు. వెంటనే అచ్చుల దుకాణాలవాళ్లు నకళ్లు చెక్కించి చవగ్గా అమ్మేశారు. కష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది. పుస్తకాలకైతే 1710 నుంచీ చట్టం ఉంది. బొమ్మలకి లేదు.

హోగార్త్ ఊరుకోలేదు. తోటి కళాకారుల్ని కూడగట్టుకుని పార్లమెంటుకి మొరపెట్టుకున్నాడు. 1735లో చట్టం వచ్చింది. సొంతంగా రూపకల్పన చేసి చెక్కిన బొమ్మ మీద పధ్నాలుగేళ్లు హక్కు. ఇద్దరు సాక్షుల ఎదుట రాసిచ్చిన అనుమతి లేకుండా నకలు తీస్తే, దొరికిన ఒక్కో కాగితానికీ అయిదు షిల్లింగుల జరిమానా. దుబారా మనిషి కథ చెప్పే తన ఎనిమిది బొమ్మల సెట్టుని, చట్టం అమల్లోకి వచ్చేదాకా ఆపి, 1735 జూన్ 25న బయటపెట్టాడు. అయినా దొంగలు దొంగలేగదా! కొనేవాళ్లలా ఇంటికొచ్చి, గోడ మీది చిత్రాలు చూసి, గుర్తున్నంతమటుకు గీయించి, చట్టం రాకముందే నకళ్లు దింపేశారు!

ఈ చట్టం నీడకి వచ్చిన మరో మనిషి ఎలిజబెత్ బ్లాక్‌వెల్. భర్త అప్పులపాలై జైల్లో ఉన్నాడు. ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. చెల్సీ మందుమొక్కల తోటకి వెళ్లి, ఒక్కో మొక్కా చూసి గీసింది. తనే రాగి రేకుల మీద చెక్కింది, తనే రంగులద్దింది. 1737 నుంచి 1739 దాకా అయిదు వందల బొమ్మలు! ఆ డబ్బుతో మొగుణ్ణి విడిపించింది. ఇంతలో ఆవిడ బొమ్మలకీ నకళ్లు వచ్చాయి. 1740లో దావా కోర్టుకెక్కింది. మొక్కల బొమ్మలకీ ఈ చట్టం వర్తిస్తుందన్నారు. పాపం, ఆవిడ అంత కష్టపడి విడిపించిన ఆ మహానుభావుడు స్వీడన్ వెళ్లి రాజకుట్రలో ఇరుక్కుని 1747లో తల పోగొట్టుకున్నాడు. అది వేరే కథ.

మళ్లీ జేన్ సంగతికొద్దాం. 1764లో హోగార్త్ పోయాడు. పిల్లల్లేరు. భార్యకి ఆయన మిగిల్చింది ముఖ్యంగా ఆ రాగి రేకులే. వాటితో అచ్చులు తీసి అమ్ముకుంటేనే ఇల్లు గడిచేది. కానీ చట్టం ఇచ్చిన పధ్నాలుగేళ్లూ చాలా బొమ్మలకి ఎప్పుడో తీరిపోయాయి. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. రేకులు ఇంట్లోనే ఉన్నాయి, హక్కు మాత్రం గడప దాటిపోయింది!

1767లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. అందరికీ గడువు ఇరవై ఎనిమిదేళ్లు చేసింది. దాంతోపాటు, విలియం హోగార్త్ భార్య జేన్‌కి ఆయన బొమ్మల మీద ఇరవయ్యేళ్లు ప్రత్యేక హక్కు అని పేరు పెట్టి మరీ రాసింది. ఒక సామాన్య వితంతువు పేరు దేశపు చట్టంలోకి ఎక్కిందంటే మాటలా! ఆవిడ లండన్‌లోని తన ఇంట్లోనే దుకాణం నడుపుకుంటూ, ఒకరి మీద ఆధారపడకుండా గౌరవంగా బతికింది.

కానీ ఇరవయ్యేళ్లూ ఇట్టే గడిచాయి. 1787లో గడువు తీరేసరికి ఆవిడ ముసలిది. అప్పుడు రాయల్ అకాడమీ ఏడాదికి నలభై పౌన్ల పింఛను ఇచ్చింది. 1789లో కన్నుమూసింది.

ఇవాళ మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు, గీసినవాళ్లు బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత అరవై ఏళ్లూ ఉంటుంది. రిజిస్టరు చేయించుకోవాలని కూడా లేదు. జేన్ లాగా పార్లమెంటు దయ కోసం చూడక్కర్లేదు. "ఇంటర్‌నెట్ సౌజన్యంతో" అని కింద రాసేస్తే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. సరిపోదు. సౌజన్యం చూపించవలసింది ఇంటర్‌నెట్ కాదు, గీసిన మనిషి. ఆ మనిషి ఎవరో కనుక్కుని ఒక్క మాట అడగటమే అసలు దారి. అడిగితే చాలామంది కాదనరు. ఇక ఎవరైనా "అది నాది" అని ఉత్తరం రాస్తే, కోపం పక్కనపెట్టి, ఆ మాట నిజమేనా అని చూసుకోవాలి. నిజమైతే బొమ్మ తీసేసి, న్యాయంగా ఇవ్వవలసింది ఇచ్చెయ్యాలి.

బొమ్మ చూడగానే రంగులు కనిపిస్తాయి, గీతలు కనిపిస్తాయి. దాని మీద ఆధారపడి ఉడికే అన్నం మాత్రం కనిపించదు. జేన్ అడిగింది కీర్తి కాదు, పొయ్యిలో నిప్పు ఆరకుండా ఉంటే చాలునని!