ఊడిపోయే గొట్టం

మేముండేది ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లో. మిల్లు కార్మికులూ, గని కార్మికులూ పెట్టుకున్న ఇత్తడి బ్యాండ్లకి పేరుపడ్డ ప్రాంతం. మా అమ్మాయి బడి బ్యాండులో కార్నెట్ వాయిస్తానంటే, కొత్తది కొనడానికి మనసొప్పక పాతసామాన్ల సంతలో ఒకటి కొన్నాను. మన బుద్ధి ఎక్కడికి పోతుంది!

కచేరీకి రెండు వారాలుందనగా, సాధన మధ్యలో దాని ట్యూనింగ్ స్లైడు ఊడి ఖంగుమని కింద పడింది. స్లైడంటే 'యు' ఆకారంలో వంచిన గొట్టం. బయటికి లాగితే వాయిద్యం పొడవు పెరిగి శ్రుతి తగ్గుతుంది. "నాన్నా, అందరూ నవ్వారు" అంది పిల్ల. చిన్నప్పుడు మా ఊరి పెళ్ళిబ్యాండులో ఒకాయన వదులైన అతుకుకి దారం చుట్టడం గుర్తొచ్చి, నేను కుళాయిలకి వాడే తెల్ల టేపు చుట్టాను. రెండ్రోజులకి ఆ టేపు పీలికలై లోపలికి పోయింది.

చివరికి ఒక ముసలి మరమ్మతుదారు దగ్గరికి తీసుకెళ్ళాను. మామూలుగా ఇలాంటి స్లైడుకి ముందు పాత జిడ్డు కడిగి, ఉన్నికొవ్వు కలిసిన చిక్కటి గ్రీజు రాస్తారట. అప్పటికీ నిలవకపోతే లోపలి కాళ్ళని పనిముట్టుతో వెంట్రుకవాసి వెడల్పు చేస్తారట. ఆయన అవేవీ చెయ్యకుండా, "మీ అమ్మాయి దీన్ని ఎంత దూరం లాగుతోంది?" అని అడిగాడు. దాదాపు చివరిదాకా, లేకపోతే మిగతావాళ్ళతో శ్రుతి కలవదు. "అరగలేదండీ, ఇది హై పిచ్ కార్నెట్" అన్నాడాయన.

ఇక్కడ కథ వెనక్కి వెళ్ళాలి. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో ఊరికో శ్రుతి. ఫ్రాన్సు 1859లో చట్టం చేసి ఎ స్వరాన్ని సెకనుకి 435 కంపనాల దగ్గర కట్టేసింది. బ్రిటన్‌లో మాత్రం అది 452 దాకా ఎక్కి కూచుంది. 1890లలో ఇక్కడి ఆర్కెస్ట్రాలు దిగొచ్చాయి, 1920ల చివర్లో సైనిక బ్యాండ్లూ దిగాయి. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 440 అని తేల్చింది. ఇత్తడి బ్యాండ్లు మాత్రం 1960ల మధ్యదాకా కదల్లేదు.

మొండితనం అనుకుంటాం గానీ, నాకైతే వాళ్ళ లెక్క సబబే అనిపిస్తుంది. ఒక్కో బ్యాండులో పాతిక మంది, అందరి వాయిద్యాలూ ఒకేసారి మార్చాలి. డబ్బు కూలివాళ్ళ చందాల్లోంచి రావాలి. పైగా వాళ్ళు వాయించేది వాళ్ళలో వాళ్ళే, బయటివాళ్ళతో శ్రుతి కలపాల్సిన అవసరమేముంది? పాత సిస్టమ్ మార్చమని క్లయింటుకి చెప్పి చూసినవాళ్ళకి ఇది తెలిసిన గొడవే. చివరికి తయారీదార్లే హై పిచ్ వాయిద్యాలు చెయ్యడం మానేశారు. దాంతో పాతవాటికి పొడుగు స్లైడులు వేయించుకున్నారు. మా కార్నెట్ ఆ పని జరక్కుండా మిగిలిపోయిన బాపతు.

ఇంటికొచ్చి లెక్కేశాను. 452 నించి 440కి దిగాలంటే పొడవు నూటికి 2.7 వంతులు పెరగాలి. కార్నెట్ గొట్టం సుమారు నాలుగున్నర అడుగులు, కాబట్టి దాదాపు 4 సెంటీమీటర్లు. స్లైడుకి రెండు కాళ్ళు గనక రెండు సెంటీమీటర్లు లాగితే చాలు. కానీ అందరూ మామూలుగా లాగే కాస్తకి పైన ఇంకో రెండన్నమాట. పొట్టి కాళ్ళు లోపల ఎంత మిగుల్తాయి? ఊడక ఏం చేస్తుంది!

అదొక్కటే చాలదు. మూడు వాల్వుల గొట్టాలూ అదే నిష్పత్తిలో పెరగాలి, లేకపోతే వాల్వు నొక్కినప్పుడల్లా శ్రుతి తప్పుతుంది. మొదటిది 2 మిల్లీమీటర్లు, రెండోది 1, మూడోది మూడున్నర. ఆయన ఆ గుర్తులు పెన్సిలుతో పెట్టి, ప్రధాన స్లైడుకి బదులు పొడుగుకాళ్ళది చేసిచ్చాడు. కచేరీకి ముందురోజు చేతికొచ్చింది.

పాత స్లైడు పారెయ్యకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇప్పుడది నా బల్ల మీదుంది, బిల్లులు ఎగిరిపోకుండా.