పొగే బలం అనుకున్న రోజులు



మనవాళ్ళలో పాత డీజిలు బండి మీద బతుకుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పెళ్ళిళ్ళకు సామాను తోలేవాళ్ళు, బడి పిల్లల్ని దింపేవాళ్ళు, కోయంబేడు నుంచి కూరగాయలు తెచ్చేవాళ్ళు. ఢిల్లీలో లాగా పదేళ్ళు దాటిన డీజిలు బండి తిరగకూడదన్న కట్టడి చెన్నైలో లేదు కాబట్టి, ఎఫ్.సి. దొరికినంత కాలం నడుపుకుంటారు. వాళ్ళ నోట తరచుగా వినేది ఒకటే: బండి డీజిలు తాగుతోంది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: పంపు విప్పాలి. ఈ రెండో మాటకు మన ఊళ్ళో ఒక చరిత్ర ఉంది. దాన్ని నమ్మి వేలకు వేలు పోసి, తర్వాత కూడా బండి అంతే తాగితే ఆ ఇంట్లో నెల గడవదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాం.

పెరంబూరు వైపు ఉన్నవాళ్ళకు సెంబియం సింప్సన్ ఫ్యాక్టరీ తెలియకుండా ఉండదు. 1840లో గుర్రబ్బళ్ళు కట్టడంతో మొదలైన కంపెనీ అది. అనంతరామకృష్ణన్ గారి కాలంలో, 1950లలో, ఇంగ్లండులోని పెర్కిన్స్ వాళ్ళతో కలిసి పి6 అనే ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను చేశారు. అటు ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్ పేరుతో మొదలై ఆస్టిన్ కార్లు బిగించిన సంస్థ 1955లో అశోక్ లేలాండ్ అయింది. పెట్రోలు లారీలోంచి పాత ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించుకోవడం అప్పట్లో మామూలే. బరువు లాగుతుంది, ఖర్చు తక్కువ.

కానీ కొత్త ఇంజనుతో మేస్త్రీలకు ఒక కొత్త భయం కూడా వచ్చింది. పెట్రోలు బండి కార్బురేటరు ఎవరైనా విప్పి కడుక్కోవచ్చు. డీజిలు పంపు అలాంటిది కాదు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో దాన్ని పెద్ద ఎత్తున చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో పెట్టిన మైకో ఆ పని అందుకుంది. లోపలి ప్లంజరు, బ్యారెలు జతగా అరగదీసినవి. వాటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఒకదాని జత ఇంకోదానికి పనికిరాదు. ఇంజను బలమంతా ఆ పంపు కొలిచి వదిలే చుక్క మీద ఉంటుంది. ఎక్కువ వదలకుండా ఒక స్క్రూ, దాని మీద సీలు.

ఆ సీలును మనవాళ్ళు ఎక్కడ ఉండనిచ్చారు? పది టన్నుల లారీకి పద్నాలుగు టన్నులు ఎక్కించి, లాగలేదని సీలు తెంపి స్క్రూ తిప్పించేవాళ్ళు. నల్లగా పొగ కక్కితే "నల్లా ఇళుక్కుదు", బాగా లాగుతోంది అని మెచ్చుకునేవాళ్ళు. నిజానికి ఆ నలుపు కాలని డీజిలే. ధర సర్కారు చేతిలో ఉండి, పెట్రోలు కన్నా బాగా తక్కువగా ఉన్నప్పుడు ఆ డబ్బు కాలువలో పోయినా పెద్దగా నొప్పి తెలియలేదు. 1973లో చమురు దెబ్బ తగిలాక ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. 1978లో పెట్రోలియం పొదుపు సంస్థ పి.సి.ఆర్.ఏ. పుట్టింది, 1989 మోటారు నియమాల్లో పొగకు కొలత వచ్చింది. బండివాడి జేబుకు మాత్రం 2014 అక్టోబరులో డీజిలు ధర మీద అదుపు తీసేశాకే పూర్తిగా తగిలింది. అంతదాకా బలానికి పంపు తిప్పినవాళ్ళే ఇప్పుడు పొదుపుకు కూడా పంపే తిప్పుతున్నారు. చెయ్యి అలవాటు పడిపోయింది.

రైల్వేలో లెక్క వేరు. మేము రాసిన కాగితాల్లో ఇంజను ఇన్ని లీటర్లు తాగింది అని రాస్తే సరిపోదు. వెయ్యి గ్రాస్ టన్ను కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని రాయాలి. అంటే దూరంతో పాటు బరువు కూడా లెక్కలోకి రావాలి. పాత వ్యానుకు కూడా మొదటి పరీక్ష అదే. ఒకే బంకులో ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నిండేదాకా నడిపి, మూడుసార్లు రాయండి. పక్కన బరువు, ఏసీ, ఊరి ట్రాఫిక్కా హైవేనా అన్నదీ రాయండి. టైర్ల సైజు మార్చారా? పెద్ద టైరు వేస్తే మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, తాగని డీజిలు కూడా తాగినట్టు కనిపిస్తుంది.

లెక్క నిజంగానే తప్పితే, పది కిలోమీటర్లు నడిపి ఆపి, చక్రాల దగ్గర వేడి చూడండి. జాగ్రత్త, కాలుతుంది. ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకునే ఉంది. టైరు గాలి, ఎయిర్ ఫిల్టరు దుమ్ము, రిటర్ను పైపు కారడం, ఇవి ఇంట్లోనే చూసుకునే పనులు. ఆయిలు కడ్డీ కూడా తీసి చూడండి. పాత బండిలో ఆయిలు తగ్గాలి. పెరిగి, డీజిలు వాసన కొడితే ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగి డీజిలు ఇంజను ఆయిల్లోకి దిగుతోందేమో అనుమానించాలి. ఆ బండిని ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకండి, బేరింగులు పోతాయి.

ఇక చెన్నైకి ప్రత్యేకమైన జబ్బు ఒకటి ఉంది, థర్మోస్టాట్ పీకేయడం. మే నెలలో బండి వేడెక్కిందని తీసుకెళ్తే, రేడియేటరు అడ్డు చూడకుండా ఆ చిన్న వాల్వు తీసి పారేస్తారు, మన ఎండకు అది అక్కర్లేదని. ఇంజను మాత్రం ఎనభై డిగ్రీల పైన పనిచేయడానికి కట్టింది. డీజిలుకు నిప్పురవ్వ లేదు, నొక్కిన గాలి వేడికే అది అంటుకోవాలి. సిలిండరు గోడలు చల్లగా ఉంటే ఆ వేడిని అవే లాగేసుకుంటాయి, ఆయిలు చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. హైవేలో గంట నడిపినా ముల్లు కిందే ఉంటే, ముందు అక్కడ వాల్వు ఉందా అని అడగండి. పంపు పని ఖర్చు ముందు దాని ధర లెక్కలోకే రాదు.

ఇవన్నీ చూశాకే పొగ సంగతి. నలుపైతే గాలి తక్కువ లేదా డీజిలు ఎక్కువ. నీలమైతే ఆయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లగా ఉంటే టైమింగు, నాజిలు, కంప్రెషను చూడాలి. పంపు కన్నా ముందు నాజిళ్ళు విప్పి బెంచి మీద చిమ్మించి చూడమనండి. మంచులా చిమ్మాలి, చుక్క కారకూడదు. మరీ పాత పంపుల్లో గవర్నరు గాలి పీల్పుతో పనిచేస్తుంది. దాని లోపలి తోలు డయాఫ్రం ఎండి చిరిగితే డీజిలు అదుపు తప్పి ఎక్కువ పోతుంది. అది మార్చడానికి ప్లంజర్ల జోలికి పోనక్కర్లేదు.

అప్పటికీ పంపే అని తేలితే, బెంచి మీద పెట్టినప్పుడు విప్పక ముందు, బిగించాక ఒక్కో సిలిండరుకు ఎంత డీజిలు వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. మూడు ట్యాంకుల లెక్క రాసినవాళ్ళు ఆ నోటుబుక్కు సంఘం ఆఫీసుకు తీసుకురండి, కూర్చుని చూద్దాం. ఆదివారాలు సాయంత్రం మేము అక్కడే ఉంటాం.