శస్త్రచికిత్స బల్లపై నూరు తరాల చరిత్ర

శస్త్రచికిత్సకు ముందు గొంతులోనికి గొట్టం అమర్చడానికి మత్తు వైద్యుడు కండరాలను సడలించే మందు ఇస్తాడు. అటువంటి మందులలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. మన ఆపరేషన్ థియేటర్లలో దానిని స్కోలిన్ అంటారు. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని కొద్ది నిమిషాలలోనే విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించినవారిలో మందు ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. అది తగ్గేవరకు రోగి తనంతట శ్వాస తీసుకోలేడు, వెంటిలేటరే ఆధారం. ఈ లోపం వంశపారంపర్యమని వెర్నర్ కలో 1950లలోనే నిరూపించాడు.

ఆర్యవైశ్యులలో ఈ లోపం ఇతరులకంటే దాదాపు 100 రెట్లు అధికం. మహానంది, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాల పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి 2006లో దీని మూలాన్ని వెల్లడించారు: ఎంజైములో 307వ స్థానాన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరింది. జన్యువులో మారినది ఒకే ఒక్క అక్షరం.

ఆ మార్పు ఒక్క సముదాయంలోనే ఇంతగా ఎందుకు నిలిచింది? దీనికి సమాధానం చూపినది కంప్యూటరు గణన. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో 25 భారతీయ సముదాయాలకు చెందిన 132 మంది డీఎన్ఏను పోల్చి చూశారు. ఒక్కొక్కరిలో పరిశీలించిన స్థానాలు 5,60,000కు పైగా. కంటితో చేయగల పని కాదది. వైశ్యులు నూరు తరాలకు పూర్వం కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించారనీ, ఆపై బయటి వివాహ సంబంధాలు బహు స్వల్పమనీ ఆ గణన సూచించింది. పూర్వికులు కొద్దిమందే అయినప్పుడు, వారిలో ఒకరికున్న అరుదైన మార్పు సంతతితోపాటు వ్యాపిస్తుంది. మేనరికం చేసుకోకపోయినా ఇది తప్పదు.

ఇది ఒక్క కులానికి అంటిన మచ్చ అనుకోకండి. 2017లో 260కి పైగా దక్షిణాసియా సముదాయాలను పరిశీలించగా, 81 సముదాయాలలో ఈ పూర్విక ప్రభావం ఫిన్లాండు ప్రజలలోకంటే తీవ్రంగా కనిపించింది.

ఇటువంటి గణనకు యంత్రాలతోపాటు శిక్షణ పొందిన మనుషులూ కావాలి. జన్యుపటాల యుగానికి చాలా ముందే, 1986–87లో, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం దేశవ్యాప్తంగా బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రాల వ్యవస్థను నెలకొల్పింది. పరిశోధకులకు సమాచారం అందించడం, శిక్షణ ఇవ్వడం దాని బాధ్యతలు. 2015లో ముగిసిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో బ్రిటనులో నివసించే తెలుగువారి జన్యు సమాచారం కూడా ఉంది. దానిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. శిక్షణ ఉంటే మన జిల్లా విద్యార్థి కూడా దానిని చదవగలడు.

అయితే పరిశోధన ఫలితం రోగికి చేరేది ఒక చిన్న ప్రశ్న ద్వారానే. మీ కుటుంబంలో ఎవరికైనా మత్తు తరువాత శ్వాస ఆలస్యంగా తిరిగివచ్చిందా? ఆ సంగతిని, మీరు ఆర్యవైశ్యులైతే ఆ విషయాన్ని కూడా, శస్త్రచికిత్సకు ముందే మత్తు వైద్యునికి చెప్పండి. ఎంజైమును కొలిచే రక్తపరీక్ష ఉంది; ప్రత్యామ్నాయ మందులూ ఉన్నాయి. భయంతో అవసరమైన శస్త్రచికిత్సను మాత్రం వాయిదా వేయకండి.