బార్ గోడ మీద రాక్ ఫోటో, నియాన్ శిల్పం: వెలుతురు ఆధారంగా ఒక పరిశీలన

1967లో కళాకారుడు బ్రూస్ నౌమన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాత కిరాణా కొట్టును స్టూడియోగా వాడుకుంటున్నాడు. ఆ కొట్టులో బీరు ప్రకటన తాలూకు నియాన్ బోర్డు ఒకటి మిగిలిపోయి ఉంది. దాని స్ఫూర్తితోనే ఆయన వీధిలో పోయేవాళ్లకు కనబడేలా కిటికీలో పెట్టడానికి, సుడి తిరిగే అక్షరాల నియాన్ రచన చేయించాడు. ఇవాళ అది మ్యూజియాలు జాగ్రత్తగా దాచుకునే వస్తువు. నియాన్ శిల్పానికి గౌరవం తెచ్చిన రచనల్లో ఒకటి ఇలా సారా వ్యాపారపు బోర్డుకు కొనసాగింపుగా పుట్టింది. పాతకాలపు రాక్ కచేరీ ఫోటోలనూ నియాన్ శిల్పాలనూ కలిపి బార్‌లో ప్రదర్శించడాన్ని గ్యాలరీ దొరకనివాళ్ల సర్దుబాటుగా చూడటం పరిపాటి. ఆ చూపు సరికాదని నా వాదన. ఈ రెండూ మసక వెలుతురులో, రాత్రి జనం చేరే చోట్ల రూపుదిద్దుకున్న కళలు. వాటి స్వభావం తెల్లగోడల గదిలో కంటే అక్కడే స్పష్టంగా తెలుస్తుంది.

ముందు ఫోటో సంగతి. 1960, 70 దశకాల్లో క్లబ్బుల్లో ఫోటోలు తీసినవాళ్లు ఎక్కువగా కొడాక్ ట్రై-ఎక్స్ వంటి 400 వేగం ఫిల్ము మీద ఆధారపడ్డారు. వేదిక మీది వెలుతురుకు అదీ చాలేది కాదు. అందుకే ఫిల్మును 800గానో 1600గానో లెక్కేసి తీసి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచేవారు. ఫలితంగా గ్రెయిన్ ముతకబడుతుంది, నీడల్లో వివరం పోతుంది, నలుపు చిక్కబడుతుంది. ఇవి లోపాలుగా మొదలై ఆ కళకు భాషగా స్థిరపడ్డాయి. 1979 సెప్టెంబరులో న్యూయార్క్ పలేడియంలో పెనీ స్మిత్ తీసిన ఫోటో చూడండి. ద క్లాష్ బృందంలోని పాల్ సిమనన్ కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచి, బాస్ గిటార్ మెడ పట్టుకుని నేలకేసి కొట్టబోతున్నాడు. ముఖం కనబడదు. ఫోకస్ తప్పింది. సాంకేతికంగా బాగాలేదని ఆమె దాన్ని ఆల్బమ్ అట్ట మీద వేయొద్దన్నది. బృందం పట్టుబట్టి వేయించింది. ఆ మసకలో ఆ గది చీకటి ఉంది, ఫోటోగ్రాఫర్ వెనక్కి జరిగిన క్షణం ఉంది. ప్రకాశమైన గదిలో, దీపం కింద నిలబెట్టి చూస్తే ఇదంతా కేవలం తప్పులా కనిపించే ప్రమాదం ఉంది.

నియాన్‌ది ఇంకో దారి. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ఈ వాయువును కనుగొన్నారు. 1910లో పారిస్‌లో జార్జ్ క్లోడ్ దానితో వెలిగే గొట్టాలను జనానికి చూపించాడు. గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరిచి, అది గట్టిపడేలోగా, లోపలి బోలు నొక్కుకుపోకుండా నోటితో ఊదుతూ వంచుతారు. రెండు చివర్లా ఎలక్ట్రోడ్లు అతికి, గాలి తోడేసి, కొద్దిపాటి వాయువు నింపి మూసేస్తారు. వేల వోల్టుల విద్యుత్తు పారితే అది ఎర్రని నారింజ రంగులో వెలుగుతుంది. నీలం కావాలంటే ఆర్గాన్‌లో పాదరసపు చుక్క వేయాలి. (ఇప్పుడు మన నగరాల కేఫ్‌లలో నియాన్ పేరుతో వెలిగేవాటిలో చాలావరకు ప్లాస్టిక్‌లో పొదిగిన ఎల్‌ఈడీ పట్టీలే. అవి వేరే వస్తువు.) అసలు నియాన్ ఇచ్చే ఎరుపే రెండు కళలకూ వంతెన. నలుపు-తెలుపు ప్రింటింగ్ కాగితం ప్రధానంగా నీలి, ఆకుపచ్చ కాంతికే స్పందిస్తుంది, ఎరుపుకు దాదాపు స్పందించదు. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం పెట్టుకునేది అందుకే. అంటే కచేరీ ఫోటో ట్రేలో బొమ్మగా తేలి మొట్టమొదట మనిషి కంటబడింది ఎర్రని వెలుతురులోనే. దాన్ని ఎర్రని నియాన్ పక్కన వేలాడదీస్తే ఆ కాగితానికి పరాయి కాంతి ఏదీ తగిలించినట్టు కాదు.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది ప్రతిబింబం. ఫ్రేము అద్దంలో నియాన్ గీత పడి బొమ్మను కోసేస్తుంది. ఇది నిజం. నియాన్‌ను ఫోటోకు ఎదురుగోడ మీద కాక, అదే గోడ మీద పక్కకు పెట్టి, మెరుపు తగ్గించిన అద్దం వాడితే చాలావరకు తీరుతుంది. రంగుల ఫోటోల విషయంలో నేను రాజీపడను. ఎర్రని కాంతిలో నీలాలు, ఆకుపచ్చలు చచ్చిపోతాయి. వాటికి ఆ గోడ తగదు. రెండోది భద్రత. సున్నితమైన కాగితపు వస్తువులకు మ్యూజియాలు సాధారణంగా 50 లక్స్ దగ్గర హద్దు పెడతాయి. మసక బార్ ఆ హద్దులోనే ఉండగలదు. పైగా ఎక్కువ హాని చేసేవి నీలి, అతినీలలోహిత కిరణాలు. శుద్ధ నియాన్ ఎరుపుతో ఆ భయం తక్కువ, పాదరసం ఉన్న గొట్టాలతో జాగ్రత్త కావాలి. అసలు శత్రువులు తేమ, పొగ, వంటగది జిడ్డు. అందుకే నెగటివ్ తీసిన కాలంలోనే వేసిన వింటేజ్ ప్రింటు భద్రమైన గదిలో ఉండాలి, బార్‌కు అదే నెగటివ్ నుంచి వేసిన కొత్త ప్రింటు వెళ్లాలి.

మూడో అభ్యంతరం బరువైనది. బార్‌లో కళ గిరాకీ పెంచే అలంకారమైపోతుందని అంటారు. 1965లో మిక్కీ రస్కిన్ న్యూయార్క్‌లో తెరిచిన మాక్సెస్ కాన్సస్ సిటీ అనే బార్ దీనికి జవాబు. అక్కడ కళాకారులు తిండికీ తాగుడుకూ అయిన ఖాతాను తమ రచనలతో చెల్లుబెట్టేవారు. వెనక గదిలో డాన్ ఫ్లావిన్ ఎర్రని ఫ్లోరసెంట్ రచన వెలిగేది. అది నియాన్ కాదు, దుకాణంలో దొరికే గొట్టాలతో చేసింది. అయినా ఆ గదిలో కూర్చున్నవాళ్లందరినీ తన రంగులోకి లాక్కునేది. 1970 వేసవిలో మేడ మీద వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం వాయించింది. ఆగస్టు 23 నాటి కచేరీని బ్రిజిడ్ పోక్ మామూలు క్యాసెట్ రికార్డర్‌తో పట్టుకుంటే, 1972లో అది ఆల్బమ్‌గా వచ్చింది. పాట, కళ, మద్యం ఒకే ఖాతాలో నడిచిన చోట దేన్ని అలంకారమని విడదీస్తాం? అయితే 1974 చివర్లో రస్కిన్ ఆ తలుపులు మూశాడు. బార్ కళను చూపించగలదు, తరతరాలు కాపాడే పూచీ తీసుకోలేదు.

అలంకారానికీ ప్రదర్శనకూ తేడా చెప్పేది చివరికి గోడ మీది చీటీ. ఎవరు తీశారు, ఏ వేదిక, ఏ తేదీ, ఈ ప్రింటు ఎప్పుడు వేశారు అన్నవి ఉండాలి. రొబర్టా బేలీ సీబీజీబీ క్లబ్బు గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసే ఉద్యోగం చేస్తూనే 1976 నాటి రమోన్స్ బృందం తొలి ఆల్బమ్ అట్టమీది ఫోటో తీసింది. ఆ ఫోటోను ఆమె పేరు లేకుండా వేలాడదీస్తే ఆమె బతికిన చోటులోనే ఆమెను చెరిపేసినట్టు. నియాన్ విషయంలో ఈ అన్యాయం ఇంకా పాతది. ఊహించిన కళాకారుడి పేరు చీటీ మీద ఉంటుంది, మంట ముందు నిలబడి గాజు వంచిన పనివాడి పేరు తరచూ ఉండదు. గ్యాలరీలు అలవాటు చేసిన ఈ విస్మరణను బార్లు అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.